టికెట్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారా? చార్జ్‌బ్యాక్ వచ్చేలోపే ఇవి సర్దుకోండి

న్యూ ఇయర్ పార్టీ డిసెంబరు 31 రాత్రితో అయిపోతుంది, జనవరి మొదటి వారానికల్లా సౌండ్ వాళ్లకీ, లైటింగ్ వాళ్లకీ, బౌన్సర్లకీ బాకీలు తీర్చేసి ఊపిరి పీల్చుకుంటాం. ఫిబ్రవరి చివర్లో పేమెంట్ గేట్‌వే (మన తరఫున ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ) నుంచి మెయిల్ వస్తుంది: ఫలానా పేమెంట్ మీద డిస్ప్యూట్, అంటే కొన్నవాడి ఫిర్యాదు, పడింది, 2,998 రూపాయలు ఆపాం, ఈ తేదీలోగా ఆధారాలు పంపండి అని. మాకు మొదటిసారి వచ్చినప్పుడు అదేదో ప్రమోషన్ మెయిల్ అనుకుని తెరవలేదు, తెరిచేసరికి గడువు దాటిపోయింది. ఆ పేమెంట్‌తో కొన్న రెండు టికెట్ల మీద ఇద్దరూ రాత్రి 8:42కి రెండో గేటు దగ్గర క్యూఆర్ స్కాన్ చేయించుకుని లోపలికొచ్చినట్టు మా దగ్గర రికార్డు ఉంది. అయినా డబ్బు పోయింది. కట్టిన డబ్బుని ఇలా కొన్నవాడి బ్యాంకు మన దగ్గర్నుంచి వెనక్కి లాక్కోవడాన్నే చార్జ్‌బ్యాక్ అంటారు.

జరిగేది ఇదీ. టికెట్ కొన్న మనిషి మనకి ఒక్క ఫోన్ కూడా చేయకుండా నేరుగా తన కార్డు బ్యాంకుకి ఫిర్యాదు చేస్తాడు. ఆ బ్యాంకు దాన్ని వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్క్ మీదుగా మన వైపు బ్యాంకుకి పంపుతుంది, అక్కణ్ణుంచి గేట్‌వేకి, గేట్‌వే నుంచి మనకి. ఇంత దూరం తిరిగొచ్చేసరికి జవాబు చెప్పడానికి మనకి మిగిలేవి కొన్ని రోజులే, ఈలోపే ఆ మొత్తం మన సెటిల్‌మెంట్‌లోంచి, అంటే గేట్‌వే మన ఖాతాలో వేయాల్సిన డబ్బులోంచి, ఆగిపోయి ఉంటుంది. అందుకే గేట్‌వేలో ఇచ్చిన మెయిల్ ఐడీ రోజూ ఎవరో ఒకరు చూసేదై ఉండాలి, షో కోసం పెట్టుకుని తర్వాత వదిలేసేది కాదు.

ఈవెంట్ వాళ్లని దెబ్బతీసేది గడువు లెక్క. సర్వీసు అందలేదనే ఫిర్యాదుకి వీసా ఇచ్చే 120 రోజులు టికెట్ కొన్న రోజు నుంచి కాదు, షో జరగాల్సిన రోజు నుంచి మొదలవుతాయి, పేమెంట్ అయిన రోజు నుంచి మొత్తమ్మీద 540 రోజులు దాటకూడదు, అంతే. అంటే సెప్టెంబరులోనే ఎర్లీ బర్డ్ (ముందుగా తక్కువ ధరకి అమ్మే) టికెట్ కొన్నవాడు కూడా డిసెంబరు 31 షో మీద ఏప్రిల్ 30 దాకా ఫిర్యాదు చేయొచ్చు. టికెట్ల డబ్బు మొత్తం ఆర్టిస్ట్ అడ్వాన్సుకీ, వెన్యూకీ ఇచ్చేసి ఖాతా ఖాళీ చేసుకుంటే అప్పుడు చేతి నుంచి కట్టాలి. నేనైతే ఆ నాలుగు నెలలూ కలెక్షన్‌లో పదో వంతు ముట్టుకోను.

కారణాలు రకరకాలు. "నేను కొనలేదు" అనేది ఒకటి. మన దేశంలో ఆన్‌లైన్ కార్డు పేమెంట్లకి 2009 నుంచి రెండో అంచె ధ్రువీకరణ తప్పనిసరి, కాబట్టి ఓటీపీ కొట్టి కట్టిన పేమెంట్ మీద ఈ ఫిర్యాదు వస్తే భారం మామూలుగా కార్డిచ్చిన బ్యాంకు మీదే పడుతుంది. విదేశీ కార్డులతోనే జాగ్రత్త. డల్లాస్‌లో ఉన్న కొడుకు ఇక్కడి అమ్మానాన్నలకి టికెట్లు కొంటాడు, అది ఓటీపీ లేకుండానే పాసైపోవచ్చు. అలాంటివి మీకు అవసరం లేకపోతే ఇంటర్నేషనల్ కార్డులు ఆపేయండి, అవసరమైతే 3డీ సెక్యూర్ (కార్డు ఓనరే కడుతున్నాడని ఓటీపీ లాంటి వాటితో బ్యాంకు సరిచూసుకునే ఏర్పాటు) ఆన్‌లో ఉందో లేదో గేట్‌వేని అడిగి తేల్చుకోండి.

ఇంకొకటి స్టేట్‌మెంట్‌లో పడే పేరు. పోస్టర్ మీద పార్టీ పేరు ఒకటి, స్టేట్‌మెంట్‌లో మన ప్రైవేట్ లిమిటెడ్ పేరు ఇంకొకటి, రెండు నెలల తర్వాత చూసినవాడికి ఏం గుర్తుంటుంది? పేరు మార్పించండి. వీలుకాకపోతే "మీ స్టేట్‌మెంట్‌లో ఈ పేరు కనిపిస్తుంది" అని టికెట్ మెయిల్‌లోనే రాయండి.

యూపీఐలో ఎక్కువగా వచ్చేది, డబ్బు కట్ అయింది కానీ టికెట్ రాలేదు అని. దుకాణదారుడికి కన్ఫర్మేషన్ చేరని పేమెంట్‌ని ఐదు రోజుల్లోపు వెనక్కి వేయాలనీ, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలనీ రిజర్వ్ బ్యాంక్ 2019లోనే చెప్పింది. కానీ గేట్‌వేలో సక్సెస్ అయి, మన లిస్టులో మాత్రం టికెట్ పడనివి ఉంటాయే, వాటి బాధ్యత మనదే. సేల్ నడిచినన్నాళ్లూ ప్రతి రాత్రీ రెండు లిస్టులూ పక్కపక్కన పెట్టి చూసి, తేడా వచ్చినవాళ్లకి ఆ రోజే టికెట్ పంపండి, లేదా రిఫండ్ చేయండి.

షో రద్దయితే, వాయిదా పడితే, పోస్టర్ మీదున్న ఆర్టిస్ట్ రాకపోతే కొన్నవాళ్లు అడిగే దాకా ఆగొద్దు. కట్టిన దారిలోనే, గేట్‌వే నుంచే రిఫండ్ వేసి ఆ రిఫరెన్స్ నంబరు వాళ్లకి పంపండి. ఫోన్ నంబరుకి విడిగా యూపీఐ కొడితే ఆ డబ్బుకీ ఈ పేమెంట్‌కీ సంబంధం ఉందని బ్యాంకుకి తెలియదు, రేపు మనమే నిరూపించుకోవాలి. చార్జ్‌బ్యాక్ పడ్డాక మాత్రం రిఫండ్ అస్సలు చేయొద్దు, రెండు వైపులా పోతుంది. కస్టమర్ చెప్పేదే నిజమనిపిస్తే గేట్‌వేలో డిస్ప్యూట్‌ని ఒప్పుకోండి, డబ్బు అటు నుంచే వెళ్తుంది.

మీరే కరెక్ట్ అనిపిస్తే జవాబు పొడుగ్గా, కోపంగా రాయకండి. చదివే బ్యాంకు ఉద్యోగికి మన పార్టీ గురించి ఏమీ తెలియదు. నేను పంపేది ఇంతే: "12 నవంబరున 2 టికెట్లు, మొత్తం 2,998 రూపాయలు, ఓటీపీతో పేమెంట్. టికెట్ మెయిల్ అదే రోజు వెళ్లింది. 31 డిసెంబరు రాత్రి 8:42కి గేటు 2 దగ్గర రెండు టికెట్లూ స్కాన్ అయ్యాయి." దీన్ని ఇంగ్లీషులో పెట్టి, వెనక స్కాన్ లాగ్, టికెట్ కాపీ, కొనేటప్పుడు టిక్ పెట్టిన రిఫండ్ షరతులు, వాట్సాప్‌లో వాళ్లతో మాట్లాడిన స్క్రీన్‌షాట్ ఒకే పీడీఎఫ్‌గా జతచేస్తాను. వాళ్లు అడిగిన కారణానికే జవాబుండాలి. సర్వీసు అందలేదన్నవాడికి స్కాన్ లాగ్ కావాలి, డబ్బు రెండుసార్లు పోయిందన్నవాడికి రెండు వేర్వేరు ఆర్డర్ల వివరాలు కావాలి. ఇంత చేసినా కస్టమర్ బ్యాంకు ఒప్పుకోకపోతే ఆర్బిట్రేషన్ దాకా, అంటే కార్డు నెట్‌వర్కే తీర్పు చెప్పే దశ దాకా, వెళ్లొచ్చు కానీ, ఓడితే దాని ఫీజులే టికెట్ ధరని మించిపోతాయి, రెండు టికెట్ల కోసం అంత దూరం వద్దు.

స్కానర్లు అద్దెకి తెచ్చుకుంటే ఇంకో మాట. వాటిలోని డేటా ఎన్నాళ్లుంటుందో ఆ వెండర్ చేతిలో ఉంటుంది. రాత్రి గేటు మూశాక, కుర్రాళ్లు బారికేడ్లు లారీకి ఎక్కిస్తుండగానే, స్కాన్ లాగ్ ఎక్సెల్‌లో దింపుకుని మీ మెయిల్‌కి పంపుకోండి, మెషీన్లు ఆ తర్వాతే తిరిగివ్వండి.