స్క్లెరోడెర్మా చర్మం చేతికి మందంగా తగిలి, అల్ట్రాసౌండ్‌లో పలుచగా కనిపిస్తే

సమస్య: సిస్టమిక్ స్క్లెరోసిస్ (చర్మం గట్టిపడి మందమయ్యే వ్యాధి, స్క్లెరోడెర్మా అని కూడా అంటారు) ఉన్న రోగి ముంజేతి చర్మం వేళ్లతో పట్టుకుంటే మడత పడదు, రోడ్నాన్ స్కోరులో (వేళ్లతో పట్టి చూసి చర్మం మందానికి 0 నుంచి 3 వరకు వేసే అంకె) 2 గానీ 3 గానీ వేయవలసి వస్తుంది, అదే చోట అల్ట్రాసౌండ్‌తో కొలిస్తే మాత్రం డెర్మిస్ (చర్మపు లోపలి పొర) మందం మామూలుగానే ఉంటుంది. లేదా కిందటిసారి కంటే మందం తగ్గినట్టు కనిపించి, మందు పనిచేస్తోందని రిపోర్టులో రాసేస్తారు. యంత్రాన్ని అనుమానించే ముందు, మందు మోతాదు గురించి ఆలోచించే ముందు, భద్రపరిచిన చిత్రాన్ని తెరిచి, చర్మంపై ఆనించే అల్ట్రాసౌండ్ పరికరమైన ప్రోబ్‌కూ చర్మానికీ నడుమ నల్లని జెల్ పట్టీ ఉందో లేదో చూడాలి. క్షణంలో అయిపోయే ఈ పరిశీలనను వదిలేయకూడదు.

కారణం: ఆ పట్టీ లేదంటే ప్రోబ్ చర్మాన్ని నొక్కుతోందని అర్థం. వ్యాధి తొలిదశలో డెర్మిస్ నీరు పట్టి ఉబ్బి ఉంటుంది కనుక కొద్దిపాటి ఒత్తిడికే అణిగిపోతుంది. అంటే కొలత ఎక్కువగా రావలసిన రోగిలోనే పొరపాటు కూడా ఎక్కువగా జరుగుతుంది. ముంజేతి దగ్గర మొత్తం మందమే సుమారు ఒక మిల్లీమీటరు కాబట్టి, అందులో 0.2 మిల్లీమీటర్లు పోవడం చిన్న తేడా కాదు. నొక్కినప్పుడు చిత్రం చెడిపోదు, పైగా మరింత శుభ్రంగా కనిపిస్తుంది, అందువల్ల చేయి తెలియకుండానే ఇంకా నొక్కుతుంది. షియర్ వేవ్ ఎలాస్టోగ్రఫీ (కణజాలం గట్టిదనాన్ని కొలిచే అల్ట్రాసౌండ్ పద్ధతి) కూడా చేస్తే అదే ఒత్తిడి గట్టిదనాన్ని పెంచి చూపుతుంది. మందం తక్కువ, గట్టిదనం ఎక్కువ అన్న ఈ జంట ఫలితాన్ని చూసి, వాపు దశలో ఉన్న రోగిని క్షీణదశకు (చర్మం పలుచబడే ముదిరిన దశకు) చేరినట్టు పొరబడే ప్రమాదం ఉంది.

పరిష్కారం: జెల్ ధారాళంగా వేసి, మీ చిటికెన వేలిని రోగి చేతిపై ఆనించి, ప్రోబ్ బరువు ఆ వేలిపైనే పడేలా పట్టుకోండి. తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లని పట్టీ కనిపించే వరకు ప్రోబ్‌ను పైకి తేల్చండి. చేతి వెనుకభాగంలోనైతే సిరలే సాక్ష్యం: అడ్డుకోతలో అవి గుండ్రంగా ఉంటే ఒత్తిడి లేనట్టే, సన్నని చీలికలా అణిగి ఉంటే ఆ కొలత పనికిరాదు. ప్రోబ్ తీసి మళ్లీ పెట్టి 3 సార్లు కొలవండి. చర్మపు పైపొర అయిన ఎపిడెర్మిస్‌ను కలిపి కొలుస్తున్నారో, డెర్మిస్ ఒక్కదాన్నే కొలుస్తున్నారో ముందే నిర్ణయించుకుని, ప్రతిసారీ ఆ పద్ధతినే పాటించండి.

జెల్ పట్టీ నిండుగా ఉన్నా మందం తక్కువగానే వస్తే అప్పుడు నిజమైన క్షీణదశను ఆలోచించాలి. వ్యాధి ముదిరిన చర్మం పలుచబడినా అడుగు పొరలకు అతుక్కుపోయి ఉంటుంది కనుక స్కోరు తగ్గకపోవచ్చు. వాపు దశలో డెర్మిస్ నల్లబారి కనిపిస్తే, ఫైబ్రోసిస్ (కణజాలం నారలా గట్టిపడటం) పెరిగేకొద్దీ తెల్లగా మెరుస్తుంది. మందంతో పాటు ఈ తేడాను కూడా రిపోర్టులో రాయాలి.

ప్రోబ్ వాలితే పొరల అంచులు మసకబారుతాయి, నిటారుగా పెట్టండి. 18 మెగాహెర్ట్జ్ లేదా అంతకు మించిన ప్రోబ్ వాడండి. వేళ్లు ముడిచి ఉంటే చర్మం సాగుతుంది, కాబట్టి ప్రతిసారీ ఒకే భంగిమలో ఉంచండి. యంత్రం కాలిబ్రేషన్ తప్పడం అరుదు. దాని సంగతి చివర్లో చూసుకోవచ్చు.