పొలిటికల్ సైన్స్, సోషియాలజీ చదివే తెలుగు మీడియం వాళ్ళు ఇంగ్లీష్ ఎలా నేర్చుకోవాలి?

డిగ్రీ దాకా హెచ్‌ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్) తెలుగు మీడియంలో చదివి పీజీలో చేరిన వాళ్ళకి మొదటి నెల ఎలా గడుస్తుందో నాకు బాగా తెలుసు, నేనూ ఆ దారిలోనే వచ్చా కాబట్టి. సారు చెప్పేది సగం అర్థమవుతుంది, మిగతా సగం పక్కోడి నోట్స్‌లో చూసి రాసుకుంటాం, తీరా చూస్తే వాడు కూడా మన నోట్స్ చూసే రాస్తుంటాడు. మొదటి ఇంటర్నల్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థని 'క్రిటికల్లీ ఎగ్జామిన్' చెయ్యమని అడిగితే నేను పంచాయతీరాజ్ ఎంత ప్రమాదంలో ఉందో రెండు పేజీలు రాసొచ్చా. మా ఊళ్ళో క్రిటికల్ అంటే ఒకటే అర్థం, ఐసీయూలో పేషెంట్ కండిషన్. మార్కులెన్ని వచ్చాయో అడక్కండి.

తర్వాత అందరూ ఇచ్చే సలహానే నాకూ ఇచ్చారు, స్పోకెన్ ఇంగ్లీష్‌లో చేరమని. చేరా. రెండు నెలలు హోటల్లో ఆర్డర్ ఇవ్వడం, స్టేషన్‌లో టికెట్ అడగడం, మన గురించి మనం చెప్పుకోవడం నేర్పించారు. అవి పనికిరావని కాదు గానీ సార్వభౌమాధికారం మీద ఒక పేరా రాయాల్సొచ్చినప్పుడు మళ్ళీ మొదటికే వచ్చా. అప్పుడు అర్థమైందేంటంటే ఇంగ్లీష్ ముందు, సబ్జెక్ట్ తర్వాత అనుకుంటే మనకి రెండేళ్ళ పీజీ సరిపోదు, సబ్జెక్ట్‌లోంచే ఇంగ్లీష్ పట్టుకోవాలి. యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాయాలంటే మూడు గంటల్లో 150 ప్రశ్నలు, మన సబ్జెక్ట్‌లకి పేపర్ ఇంగ్లీష్, హిందీలోనే ఉంటుంది, తెలుగులో ఉండదు. సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాయొచ్చు కానీ అక్కడ కూడా 300 మార్కుల ఇంగ్లీష్ పేపర్‌లో 25 శాతం తెచ్చుకోకపోతే మిగతా పేపర్లు లెక్కలోకే రావు. కాబట్టి తప్పించుకునే దారి లేదు, నేను ఏం చేశానో వరసగా చెప్తా.

ముందు మీకు తెలిసిన ఇంగ్లీష్‌ని అనుమానించండి

కొత్త పదాలతో పెద్ద ఇబ్బంది లేదు, డిక్షనరీ చూస్తాం, అయిపోతుంది. అసలు దెబ్బ కొట్టేవి మనం తెలుగులో రోజూ వాడే ఇంగ్లీష్ మాటలు, ఎందుకంటే వాటికి డిక్షనరీ చూడాలన్న ఆలోచనే రాదు. క్రిటికల్ సంగతి చెప్పాను కదా, మన సబ్జెక్ట్‌లో దానికి అర్థం మంచీ చెడూ రెండూ తూచి, ఆధారం చూపించి, చివరికి ఒక మాట తేల్చి చెప్పడం. ఆర్గ్యుమెంట్ అంటే మనకి గొడవ, 'నాతో ఆర్గ్యుమెంట్ పెట్టుకోకు' అంటాం, పుస్తకంలో ఫలానా ఆయన ఆర్గ్యూ చేశాడంటే ఎవరితోనూ గొడవ పడలేదు, ఆధారాలతో ఒక వాదన నిలబెట్టాడంతే. రిప్రజెంటేషన్ అంటే మనకి కలెక్టరేట్‌లో ఇచ్చే వినతిపత్రం, వాళ్ళకి ప్రాతినిధ్యం. లిబరల్ అంటే పేపర్ లిబరల్‌గా దిద్దారనుకుంటాం, అక్కడ అది ఉదారవాదం, జాన్ లాక్ అనే ఇంగ్లీష్ తత్వవేత్త దగ్గర్నుంచి మొదలయ్యే పెద్ద చరిత్ర. స్టేటస్ అంటే వాట్సాప్‌లో పెట్టేది కాదు, జర్మన్ సోషియాలజిస్ట్ వెబర్ చెప్పిన సామాజిక గౌరవం, డబ్బున్నంత మాత్రాన వచ్చేది కాదది.

ఏజెన్సీ ఇంకా విచిత్రం. మనకి ఏజెన్సీ అంటే పాడేరు, ఏటూరునాగారం లాంటి గిరిజన ప్రాంతం, కాకపోతే గ్యాస్ ఏజెన్సీ. సోషియాలజీలో ఏజెన్సీ అంటే చుట్టూ ఉన్న వ్యవస్థ ఎంత బిగించినా మనిషి తనంతట తాను నిర్ణయం తీసుకుని చెయ్యగలిగే శక్తి. 'ట్రైబల్ విమెన్ హావ్ ఏజెన్సీ' అన్న వాక్యాన్ని మా ఫ్రెండ్ ఒకడు గిరిజన మహిళలకి గ్యాస్ కనెక్షన్ ఉందని తర్జుమా చేశాడు, నవ్వాం గానీ మాకెవరికీ సరైన అర్థం తెలీదు ఆ రోజు. ఫ్యాక్షన్ కూడా అంతే, సీమ వాళ్ళకి వెంటనే బాంబులు, సుమోలు గుర్తొస్తాయి, పొలిటికల్ సైన్స్‌లో పార్టీ లోపల సొంత ప్రయోజనం కోసం ఏర్పడే వర్గాన్ని కూడా ఫ్యాక్షనే అంటారు.

ఫంక్షన్ దగ్గర కాస్త ఆగాలి. మనకి ఫంక్షన్ అంటే భోజనాలు. సోషియాలజీలో ఒక ఆచారమో సంస్థో సమాజానికి చేసే పని. మెర్టన్ అనే అమెరికన్ సోషియాలజిస్ట్ దీన్ని రెండుగా విడగొట్టాడు, పైకి కనిపించేది మానిఫెస్ట్, లోపల దాగి జరిగేది లేటెంట్. ఆయన ఇచ్చిన ఉదాహరణ అమెరికాలో హోపి తెగ వాళ్ళు వాన కోసం చేసే పూజ. మనకి అంత దూరం ఎందుకు, వానల్లేనప్పుడు ఊళ్ళో కప్పలకి పెళ్ళి చేస్తారు చూడండి, వాన రావాలన్నది మానిఫెస్ట్, వాన వచ్చినా రాకపోయినా కష్టకాలంలో ఊరంతా ఒకచోట కలవడం లేటెంట్. ఇలా మీ ఊరి ఉదాహరణతో మాటని ముడేసుకుంటే ఇక జన్మలో మర్చిపోరు.

చెయ్యాల్సిన పని ఇది: ఒక వంద పేజీల నోట్‌బుక్ కొని, పేజీని మూడు గళ్ళు చెయ్యండి, మొదటి గడిలో మాట, రెండో దాంట్లో మన ఇళ్ళల్లో దాని అర్థం, మూడో దాంట్లో సబ్జెక్ట్‌లో అర్థం, కింద మీ ఊరి ఉదాహరణ ఒక లైను. రోజుకి మూడు మాటలు చాలు, ఇరవై అనుకుంటే నాలుగో రోజు మానేస్తారు.

స్టేట్ అంటే రాష్ట్రమా, రాజ్యమా

ఈ ఒక్క మాటకి విడిగా ఒక పేజీ ఇవ్వండి. రాజ్యాంగంలోనే చూడండి, ఆర్టికల్ 3లో పార్లమెంటు చట్టం చేసి కొత్త 'స్టేట్' ఏర్పాటు చెయ్యొచ్చు అని ఉంటుంది, అది రాష్ట్రం, 2014లో తెలంగాణ వచ్చింది దాని కిందే. ఆర్టికల్ 40లో 'స్టేట్' గ్రామ పంచాయతీల ఏర్పాటుకి చర్యలు తీసుకోవాలి అని ఉంటుంది, అది రాజ్యం, అంటే కేంద్రం, రాష్ట్రాలు, స్థానిక సంస్థలు అన్నీ కలిసి. రెండు చోట్లా అదే స్పెల్లింగ్, అదే పెద్ద ఎస్. ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ కొట్టి చదివే వాళ్ళు ఎక్కువగా పడేది ఇక్కడే, 'థియరీస్ ఆఫ్ స్టేట్'కి 'రాష్ట్ర సిద్ధాంతాలు' అని వస్తే ఇదేంటి ఆంధ్రాకి ఒకటి తెలంగాణకి ఒకటి సిద్ధాంతం ఉందా అనుకుంటారు.

అవే రెండు ఆర్టికల్స్‌తో ఇంకో పాఠం కూడా అయిపోతుంది. 3లో 'మే' అని ఉంది, అంటే చెయ్యొచ్చు, చెయ్యకపోవచ్చు. 40లో 'షల్', అంటే చెయ్యాలి. మరి చెయ్యకపోతే కోర్టుకెళ్ళొచ్చా అంటే కుదరదు, ఆర్టికల్ 40 ఆదేశిక సూత్రాల్లోది, వాటిని కోర్టులు అమలు చేయించలేవని ఆర్టికల్ 37 చెప్తుంది. పంచాయతీలకి రాజ్యాంగంలో గట్టి పునాది పడడానికి 1992లో 73వ సవరణ దాకా ఆగాల్సొచ్చింది. మే, షల్ గ్రామర్ పుస్తకంలో చదివితే నిద్రొస్తుంది, ఇలా చదివితే ఎగ్జామ్‌లో జవాబు కూడా రెడీ అయిపోతుంది.

ఏం చదవాలి, ఏ వరసలో

మొదట తెలుగులో చదవండి, అవును, తెలుగులోనే. తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకంలో ఒక చాప్టర్ చదివి, అదే టాపిక్ ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల ఇంగ్లీష్ పుస్తకంలో చదవండి, వాటి పీడీఎఫ్‌లు ఎన్‌సీఈఆర్‌టీ సైట్‌లో ఫ్రీగా దొరుకుతాయి. విషయం ముందే తెలుసు కాబట్టి కళ్ళు భాష మీదే ఉంటాయి. పీజీలో ఉండి ఇంటర్ పుస్తకాలు చదవడమేంటని నామోషీ పడకండి, కావాలంటే అట్ట వేసుకోండి. అది అలవాటయ్యాక ఇగ్నో మెటీరియల్‌కి వెళ్ళండి, వాళ్ళ ఈజ్ఞాన్‌కోశ్ సైట్‌లో పొలిటికల్ సైన్స్, సోషియాలజీ ఎంఏ యూనిట్లు ఉచితంగానే ఉన్నాయి. ఒరిజినల్ రచయితల జోలికి ఆ తర్వాతే. చాలామంది తిరగేసి మొదలెడతారు, ఫూకో లాంటి కష్టమైన ఫ్రెంచ్ రచయితతో ఓపెనింగ్ చేసి వారానికల్లా పడకేస్తారు.

సోషియాలజీ వాళ్ళకి, ముఖ్యంగా హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్ళకి ఒక మంచి దారుంది. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే శామీర్‌పేట ఊరిని స్టడీ చేసి 1955లో 'ఇండియన్ విలేజ్' అని పుస్తకం తెచ్చారు. అవుటర్ రింగ్ రోడ్ పక్కన ఇప్పుడు మనం చూసే శామీర్‌పేటే. కులాలు, పండగలు, పెళ్ళిళ్ళు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, అన్నీ మనకి తెలిసిన లోకం, భాష మాత్రం ఇంగ్లీష్. ఒక పేజీలో పది పదాలు తెలియకపోయినా కథ ఎక్కడికి పోతుందో తెలుస్తుంది.

పొలిటికల్ సైన్స్ వాళ్ళు రాజ్యాంగ సభలో అంబేద్కర్ 1949 నవంబర్ 25న ఇచ్చిన ప్రసంగంతో మొదలెట్టొచ్చు. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం, ఈ వైరుధ్యాల్లోకి అడుగుపెడుతున్నాం అని చెప్పింది అందులోనే. వాక్యాలు చాలా చోట్ల చిన్నవి, సూటిగా ఉంటాయి, పైకి చదవండి, రోజుకి ఒక పేరా, నోరు కూడా తిరుగుతుంది.

పేపర్ విషయానికొస్తే, పొద్దున్నే ఇంగ్లీష్ ఎడిటోరియల్ మీద పడొద్దు. అదే వార్త ముందు ఈనాడులోనో సాక్షిలోనో ఆంధ్రజ్యోతిలోనో చదివి, తర్వాత హిందూలో చదవండి. రోజూ పేపరంతా కాదు, ఒక్క ఐటమ్.

ఆరు లైన్ల వాక్యాన్ని విప్పడం

తెలుగులో క్రియ చివర వస్తుంది, అందుకే వాక్యం చివరిదాకా ఆగి అర్థం చేసుకోవడం మన అలవాటు. ఇంగ్లీష్‌లో అసలు పని ముందే అయిపోయి, తోకలన్నీ వెనక వేలాడతాయి. కాబట్టి పెన్సిల్ తీసుకుని ముందు ప్రధాన క్రియ ఎక్కడుందో గీత గీయండి, తర్వాత ఆ పని చేసేది ఎవరో వెనక్కి వెతకండి, మిగతాదంతా బ్రాకెట్‌లో పడేయండి. ఆర్టికల్ 15(4) మీద ట్రై చెయ్యండి, 'నథింగ్ ఇన్ దిస్ ఆర్టికల్' అని మొదలై ఎక్కడో 'షల్ ప్రివెంట్' అని వస్తుంది. కర్త 'నథింగ్', క్రియ 'ప్రివెంట్', రెండు కాదనడాలు కలిసి ఒక అవునవుతుంది. మన మాటల్లో చెప్తే, వెనకబడిన తరగతులు, ఎస్సీ, ఎస్టీల కోసం రాజ్యం ప్రత్యేక ఏర్పాట్లు చేస్తానంటే ఈ ఆర్టికల్ అడ్డు రాదు. ఇంత తిప్పి ఎందుకు రాశారంటే, మద్రాసు రాష్ట్రంలో కాలేజీ సీట్ల రిజర్వేషన్‌ని చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది, ఆ అడ్డు తొలగించడానికి 1951లో మొదటి సవరణతో దీన్ని చేర్చారు. అప్పటికి కోస్తా, సీమ రెండూ మద్రాసులోనే ఉన్నాయి, అంటే మన తాతల సీట్ల సంగతే ఇది. వెనక కథ తెలిస్తే వాక్యం ఎందుకలా మెలికలు తిరిగిందో తెలుస్తుంది.

రాయడం

తెలుగు మీడియంలో మనకో జబ్బుంది, ఏ ప్రశ్న ఇచ్చినా 'మానవుడు సంఘజీవి' అని మొదలెడతాం. ఇంగ్లీష్‌లో దాన్నే తర్జుమా చేసి పెట్టకండి. మొదటి వాక్యంలోనే మీ జవాబు ఏంటో చెప్పేయండి, తర్వాత కారణం, తర్వాత ఉదాహరణ. ఛరిస్మా (నాయకుడి వ్యక్తిగత ఆకర్షణ) గురించి రాస్తుంటే ఎన్టీఆర్ 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయిన సంగతి కన్నా మంచి ఉదాహరణ మీకెక్కడ దొరుకుతుంది, దాన్ని ఐదు చిన్న వాక్యాల్లో రాయండి.

రచయితలు చెప్పిన దానికి అన్నిచోట్లా 'సేస్' అని రాయొద్దు. తెలుగులో అంటాడు, వాదిస్తాడు, ఎత్తిచూపిస్తాడు, అని తేడాగా వాడతాం కదా, అక్కడా అంతే. 'పాయింట్స్ అవుట్' అంటే ఆయన చెప్పింది నిజమని మీరూ ఒప్పుకున్నట్టు, 'క్లెయిమ్స్' అంటే మీకు నమ్మకం లేనట్టు, 'ఆర్గ్యూస్' అంటే ఎటూ మొగ్గనట్టు.

మనం ఎక్కువగా చేసే తప్పులు చెప్పి వదిలేస్తా: 'డిస్కస్ అబౌట్' ఉండదు, డిస్కస్ ఒక్కటే. ఎవిడెన్సెస్, ఇన్ఫర్మేషన్స్ అని బహువచనాలు చెయ్యకండి. రాజ్యం అనే అర్థంలో స్టేట్ ముందు మామూలుగా 'ద' వస్తుంది, మొత్తంగా సమాజం అన్నప్పుడు సొసైటీ ముందు రాదు. వారానికి ఒక పేజీ రాసి ఎవరికైనా చూపించండి, చూపించడానికి ఎవరూ లేకపోతే మూడు రోజులాగి మీరే ఎర్ర పెన్నుతో దిద్దండి, మీ తప్పులు మీకే కనపడతాయి.

పలకడం, మాట్లాడటం

ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి సాయంత్రం అరగంట ఒక టాపిక్ మీద మాట్లాడుకోండి, తెలుగు దొర్లితే దొర్లనీండి, ఆపకండి. సెమినార్‌కి వెళ్ళేముందు మొదటి రెండు వాక్యాలు కంఠతా పట్టండి, మొదలైతే చాలు, తర్వాత దానంతటదే వస్తుంది. వినడానికి సంసద్ టీవీ ఉంది, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణలు 2022 సెప్టెంబర్ నుంచి లైవ్‌లో వస్తున్నాయి, లాయర్లు ఒకే పాయింట్‌ని నాలుగు రకాలుగా ఎలా తిప్పి చెప్తారో వింటే మాటలు దొరుకుతాయి.

ఉచ్చారణకి మన లిపి ఉంది కదా, వాడుకోండి. ఫ్రెంచ్ నుంచి వచ్చినవి స్పెల్లింగ్ చూసి చదివితే దొరికిపోతాం. రూసో, ఫూకో లాంటి పేర్లు, రెజీమ్ (పాలన), లెసే ఫేర్ (వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకపోవడం), బూర్జ్వాజీ (పెట్టుబడిదారీ వర్గం) లాంటి మాటలు, ఇలా ఆ నోట్‌బుక్‌లోనే వెనక పేజీల్లో తెలుగులో రాసుకోండి. సైనిక తిరుగుబాటుకి వాడే ఇంగ్లీష్ మాటని, స్పెల్లింగ్ చివర 'పి' ఉంది కదా అని, నేను సెమినార్లో పదిహేను నిమిషాలు 'కూప్' 'కూప్' అంటూనే ఉన్నా, ఒక్కరూ ఆపలేదు, అయిపోయాక సారు భుజం మీద చెయ్యేసి మెల్లగా 'కూ, బాబూ, కూ' అన్నారు. ఆ పేజీలో మొదటి మాట అదే.