నాజీలు దోచిన చిత్రం మా కుటుంబానిదే అనుకుంటే: ఫ్రాన్స్‌లో దరఖాస్తు విధానం

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో కొన్ని చిత్రాల పక్కనున్న చీటీ మీద ఎంఎన్ఆర్ అన్న అక్షరాలు, ఒక నంబరు కనిపిస్తాయి. ఆ బొమ్మకు మ్యూజియం యజమాని కాదని, కాపలాదారు మాత్రమేనని దాని అర్థం. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక జర్మనీ నుంచి ఫ్రాన్స్‌కు సుమారు 61,000 కళావస్తువులు తిరిగి వచ్చాయి. వాటిలో 45,000 దాకా సొంతదారులకు చేరాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగాన్ని ప్రభుత్వం అమ్మేసి, సుమారు 2,200 వస్తువులను మ్యూజియంలకు అప్పగించింది. ఎంఎన్ఆర్ వస్తువులంటే ఇవే. వీటన్నిటినీ నాజీలు దోచుకున్నారని కాదు, ఫ్రాన్స్ జర్మనీ ఆక్రమణలో ఉన్న కాలపు బజారులో అమ్ముడైనవీ ఉన్నాయి. ఏది ఏ రకమో తేల్చడమే అసలు పని.

ఆ పని చేయించుకోవడానికి దరఖాస్తు తీసుకునే సంస్థ పేరు సీఐవీఎస్. యూదు వ్యతిరేక దోపిడీ బాధితులకు ఆస్తులు తిరిగి ఇప్పించడానికి, పరిహారం ఇప్పించడానికి 1999లో ఫ్రాన్స్ ప్రధానమంత్రి పరిధిలో ఏర్పాటైన కమిషన్ ఇది. కార్యాలయం పారిస్‌లోని అవెన్యూ ద సెగూర్‌లో ఉంది. మన తెలుగువాళ్లలో ఈ దరఖాస్తు పెట్టుకోవలసిన కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా ఉండకపోవచ్చు. అయినా ఒక ప్రభుత్వ కార్యాలయం కాగితాలు తెమ్మని దరఖాస్తుదారుణ్ణి తిప్పకుండా తానే వెతికి పెట్టడం అరుదు కాబట్టి, ఆ పద్ధతి తెలుసుకోదగ్గది.

దోపిడీకి గురైనవారు గానీ, వారి వారసులు గానీ దరఖాస్తు చేయవచ్చు. ఏ దేశ పౌరులైనా, ఎక్కడ నివసిస్తున్నా అభ్యంతరం లేదు. రుసుము లేదు, గడువు లేదు, లాయరును పెట్టుకోవలసిన అవసరం లేదు, కావాలంటే పెట్టుకోవచ్చు. ఇల్లు, దుకాణం, బ్యాంకు ఖాతా వంటి ఆస్తులైతే ఆక్రమణ కాలంలో ఫ్రాన్స్‌లో పోగొట్టుకున్నవై ఉండాలి. కళావస్తువుల విషయంలో పరిధి ఇంకా పెద్దది. 1933 జనవరి 30 నుంచి 1945 మే 8 వరకు నాజీల చేతికింద ఉన్న ఏ ప్రాంతంలో పోయినా, అది ఇప్పుడు ఫ్రాన్స్ ప్రభుత్వ సేకరణల్లో ఉంటే అడగవచ్చు.

దరఖాస్తుకు ముందు రెండు చోట్ల వెతికితే మేలు. ఒకటి, ఫ్రాన్స్ సాంస్కృతిక శాఖ నడిపే రోజ్ వాలాన్ డేటాబేస్. ఎంఎన్ఆర్ వస్తువుల వివరాలన్నీ అందులో ఉన్నాయి. రెండోది, జ్యూ ద పోమ్ మ్యూజియం గుండా వెళ్ళిన వస్తువుల డేటాబేస్. నాజీలు ఆ మ్యూజియాన్నే దోపిడీ సొమ్ముకు గోదాముగా మార్చుకున్నారు. నాజీ నాయకుడు గోరింగ్ తనకు నచ్చినవి ఏరుకోవడానికి అక్కడికి పదేపదే వచ్చేవాడు. అక్కడ పనిచేసిన రోజ్ వాలాన్ ఏ పెట్టె ఎవరిదో, ఎక్కడికి పోతోందో గుట్టుగా రాసి పెట్టుకుంది. తనకు జర్మన్ వచ్చని ఆవిడ ఎవరికీ తెలియనివ్వలేదు. 1944 ఆగస్టులో 148 పెట్టెలతో బయలుదేరిన రైలు గురించి ఆవిడ చెప్పబట్టే అది పారిస్ పొలిమేర దాటలేదు. ఇవాళ దరఖాస్తుదారులకు దొరికే ఆధారాల్లో చాలావాటికి ఆవిడ రాతలే మూలం.

వెతికినా ఏమీ దొరకకపోతే ఆగిపోనక్కర్లేదు. కమిషన్ వెబ్‌సైటులో ఉండే ప్రశ్నావళిని నింపి, సంతకం చేసి పంపితే చాలు. ఎవరి వస్తువు పోయింది, అప్పుడు వారు ఎక్కడ ఉండేవారు, ఏం పోయింది, ఎలా పోయింది అన్నవి రాయాలి. చిత్రకారుడి పేరు, బొమ్మలో ఏముంది, కొలతలు, పాత ఫొటో, బీమా కాగితం, కొన్న రసీదు ఉంటే జతచేయాలి. లేకపోతే గుర్తున్నంత రాయాలి. ‘హాల్లో పియానో పైన ఉండేదని అమ్మమ్మ చెప్పేది’ అన్నది కూడా పనికొస్తుంది. తెలియనిదాన్ని ఊహించి రాయడం మాత్రం వద్దు. తర్వాత ఆర్కైవుల్లో వేరే వివరం దొరికితే ఆ ఊహే అడ్డం పడుతుంది.

అసలు చిక్కు వారసత్వం దగ్గరే. బొమ్మ పోయి ఎనభై ఏళ్లు దాటింది. మూడు తరాలు గడిచి, కుటుంబం నాలుగు దేశాలకు చెదిరి ఉంటుంది. గుర్తింపు పత్రం నకలు, జనన మరణ ధ్రువపత్రాలు, వంశవృక్షం, వారసులెవరో తెలిపే నోటరీ పత్రం ఇవ్వాలి. మన దగ్గర తహసీల్దారు కార్యాలయంలో తీసుకునే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలాంటిదే ఇది, కాకపోతే అక్కడ ఇచ్చేది నోటరీ. అన్నదమ్ముల తరఫున ఒకరే దరఖాస్తు చేస్తుంటే వారి నుంచి సంతకంతో అధికారపత్రం కావాలి. పరిహారం కేసుల్లో ముందుకు రాని వారసుల వాటాను పక్కన ఉంచుతారు గనుక, వారి కోసం ఎదురుచూస్తూ దరఖాస్తు ఆపుకోనక్కర్లేదు.

దరఖాస్తు అందాక వెతుకులాట కమిషన్‌ది. ఫ్రాన్స్ ఆర్కైవులతో పాటు జర్మన్ ఆర్కైవులనూ చూస్తారు. ఆ పని కోసం బెర్లిన్‌లో కమిషన్‌కు ఒక విభాగం ఉంది. 1957 నాటి చట్టం కింద జర్మనీ నుంచి అప్పట్లోనే పరిహారం తీసుకున్న కుటుంబాలున్నాయి. ఆ ఫైళ్లు బయటికొస్తాయి కాబట్టి తెలిసిన పాత చెల్లింపును దాచకుండా రాయాలి. కళావస్తువుల పరిశోధన సాంస్కృతిక శాఖలో 2019లో ఏర్పడిన ప్రత్యేక విభాగం చేస్తుంది. ఆ తర్వాత ఒక న్యాయాధికారి నివేదిక తయారుచేస్తారు, కమిషన్ సమావేశానికి దరఖాస్తుదారును పిలుస్తారు. వెళ్లి మాట్లాడవచ్చు. కమిషన్ ఇచ్చేది సిఫారసే, నిర్ణయం ప్రధానమంత్రిది. మునిసిపాలిటీ వంటి స్థానిక సంస్థ సొంత మ్యూజియంలోని వస్తువైతే నిర్ణయం ఆ సంస్థది. సిఫారసు నచ్చకపోతే పునఃపరిశీలన కోరవచ్చు.

ఎంఎన్ఆర్ బొమ్మలు ప్రభుత్వ ఆస్తి కావు గనుక వాటిని తిరిగి ఇవ్వడం తేలిక. మ్యూజియం డబ్బిచ్చి కొన్న బొమ్మ అయితే వేరు. ప్రభుత్వ సేకరణలో చేరినదాన్ని బయటికి ఇవ్వకూడదని ఫ్రాన్స్ చట్టం. వియన్నాకు చెందిన నోరా స్టియాస్నీ 1938లో గతిలేక చవగ్గా అమ్ముకున్న, ఆస్ట్రియా చిత్రకారుడు క్లిమ్ట్ గీసిన చిత్రం ‘చెట్ల కింద గులాబీలు’ ఇలాగే చిక్కుకుంది. ఆవిణ్ణి 1942లో నాజీలు చంపేశారు. ఆ చిత్రాన్ని ఫ్రాన్స్ 1980లో కొని ఓర్సే మ్యూజియంలో పెట్టింది. ఈలోగా 2001లో ఆస్ట్రియా ఆవిడ వారసులకు క్లిమ్ట్ గీసిన వేరే చిత్రాన్ని పొరపాటున ఇచ్చేసింది! చివరికి 15 కళాఖండాలను తిరిగి ఇవ్వడానికి 2022 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. 2023 జులై 22 చట్టం వచ్చాక ఒక్కో బొమ్మకు ఒక్కో చట్టం అక్కర్లేదు. కమిషన్ అభిప్రాయం తీసుకుని ప్రభుత్వమే ఇచ్చేయవచ్చు.

బొమ్మ ఇప్పుడు ప్రైవేటు వ్యక్తి ఇంట్లో ఉంటే దాన్ని ఇప్పించడం కమిషన్ చేతిలో లేదు, కోర్టుకు వెళ్లాలి. దోచిన ఆస్తి తర్వాత ఎన్ని చేతులు మారినా ఆ అమ్మకాలు చెల్లవన్న 1945 ఏప్రిల్ 21 నాటి ఆర్డినెన్సు ఇప్పటికీ పనిచేస్తుంది. సిమోన్ బావర్ అనే సేకర్త నుంచి 1943లో లాక్కున్న, చిత్రకారుడు పిస్సారో గీసిన చిత్రం 2017లో పారిస్ ప్రదర్శనలో కనిపించింది. దాన్ని 1995లో వేలంలో కొన్న అమెరికా దంపతులు మాకేమీ తెలియదన్నారు. అయినా 2020 జులైలో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం దాన్ని బావర్ వారసులకే ఇవ్వాలన్న తీర్పును ఖాయం చేసింది.