12 వోల్టుల బ్యాటరీ మీద ఆంప్లిఫయర్ కడుతుంటే ఏ ట్రాన్సిస్టర్ కొనాలి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు కొత్తగా హ్యామ్ (అమెచ్యూర్) రేడియో లైసెన్సు తీసుకున్న మనవాళ్లు ఎవరిని కదిపినా ఇదే ప్రశ్న, ఈ ట్రాన్సిస్టర్ ఎన్ని ఆంపులు తట్టుకుంటుంది అని. దానికంటే ముందు సప్లై ఎన్ని వోల్టులో తేల్చుకోండి. 2013 ఫైలిన్ తుపానుకీ, 2018 తిత్లీ తుపానుకీ కరెంటు పోయినప్పుడు ఏ ఊళ్లోనైనా చివరికి మిగిలేది కారు బ్యాటరీయే కదా, అందుకే మనకి లెక్కంతా 12 వోల్టుల నుంచే మొదలు.

లెక్క చిన్నదే. వోల్టేజీని దానితోనే హెచ్చించి, కావాల్సిన పవర్‌కి రెట్టింపుతో భాగించండి, డ్రెయిన్ (ట్రాన్సిస్టర్‌లో పవర్ బయటికొచ్చే కాలు) దగ్గర కావాల్సిన లోడ్ సుమారుగా వచ్చేస్తుంది. 12 వోల్టుల మీద 10 వాట్లకి 7.2 ఓమ్‌లు, హాయిగా మ్యాచ్ చేయొచ్చు. అదే 100 వాట్లు కావాలంటే 0.72 ఓమ్, అక్కడ పీసీబీ ట్రాక్ పొడవు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. అదే 100 వాట్లకి 48 వోల్టులైతే 11.5 ఓమ్‌లు, ఎంఆర్‌ఎఫ్300 లాంటి ఎల్‌డీమాస్ రకం పవర్ ట్రాన్సిస్టర్లని 50 వోల్టులకి చేసేది ఇందుకే. కాబట్టి బ్యాటరీ మీద 10, 15 వాట్లతో సరిపెట్టుకోవడం మంచిదని నా మాట.

రెండోది గేట్ (సిగ్నల్ లోపలికి ఇచ్చే కాలు) కెపాసిటెన్స్, అందరూ బోల్తా పడేది ఇక్కడే. సొంతంగా కట్టుకునే బిట్‌ఎక్స్ రేడియో పుణ్యమా అని అందరికీ తెలిసిన ఐఆర్‌ఎఫ్510కి ఇది సుమారు 180 పీకోఫ్యారడ్లు, అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర 126 ఓమ్‌లు, 28 దగ్గర 32. ఇంకా పెద్దది కదా అని ఐఆర్‌ఎఫ్540 పెట్టారనుకోండి, గేట్ 1700 పీకోఫ్యారడ్ల దాకా ఉంటుంది, 28 మెగాహెర్ట్జ్‌లో 3 ఓమ్‌ల చిల్లర, ముందున్న డ్రైవర్ స్టేజి ఇచ్చిందంతా అదే మింగేస్తుంది. 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్) ఒక్కటే చాలంటే 510 చవక, 10 మీటర్ల బ్యాండ్ (28 మెగాహెర్ట్జ్) దాకా కావాలంటే ఆర్‌డీ16హెచ్‌హెచ్‌ఎఫ్1 తీసుకోండి, 30 మెగాహెర్ట్జ్‌లో 12.5 వోల్టుల మీద 16 వాట్లకని చేసిందే అది. కాకపోతే దాని డ్రెయిన్ లిమిట్ 50 వోల్టులు, అక్కడ వోల్టేజీ స్వింగ్ సప్లైకి రెట్టింపు వెళ్తుంది, యాంటెనా సరిగా లేకపోతే ఇంకా పైకి పోతుంది, అందుకని 24 వోల్టులు పెట్టే ఆలోచన మానుకోండి.

510 ట్యాబ్ (వెనకున్న లోహపు రేకు) డ్రెయిన్‌కి కలిసి ఉంటుంది, హీట్‌సింక్‌కి మధ్య మైకా ముక్క తప్పనిసరి. ఆర్‌డీ16 ట్యాబ్ సోర్స్‌కి (గ్రౌండ్‌కి కలిపే కాలు), నేరుగా హీట్‌సింక్‌కి బిగించేయొచ్చు, పిన్నుల వరస కూడా వేరు, ఒకదాని చోట ఇంకొకటి గుచ్చకండి. ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో పంపే డిజిటల్ మోడ్) వాడితే 15 సెకన్ల స్లాట్ దాదాపు మొత్తం ఫుల్ క్యారియర్, మాటల్లాగా మధ్యలో గ్యాప్ ఉండదు, హీట్‌సింక్ పెద్దదే వేయండి.

ఆన్‌లైన్లో ఆర్‌డీ16 పేరు కొట్టిన నకిలీలు బోలెడు. మీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి ఎర్ర ప్రోబ్ మధ్య పిన్నుకి, నల్లది మూడో పిన్నుకి పెట్టి చూడండి, సుమారు అర వోల్టు చూపించాలి. తిరగేసి పెడితేనే చూపిస్తే అది ఏదో స్విచింగ్ మాస్‌ఫెట్, వెనక్కి పంపేయండి. మొదటిసారి పవరిచ్చేటప్పుడు కరెంట్ లిమిట్ ఉన్న సప్లై, డమ్మీ లోడ్ (యాంటెనాకి బదులు పెట్టే రెసిస్టర్) పెట్టి, బయాస్‌ని (గేట్‌కి ఇచ్చే స్థిర వోల్టేజీని) సున్నా నుంచి మెల్లగా పెంచండి, యాంటెనాకి కలిపేముందు మాత్రం పై ఫ్రీక్వెన్సీల హార్మోనిక్స్‌ని ఆపే లో-పాస్ ఫిల్టర్ వేయండి.