సెర్చ్ ర్యాంకింగ్ నేర్చుకుందాం – 6వ పాఠం: బ్లాగ్ నెట్‌వర్క్‌ను పసిగట్టడం

పోయిన పాఠంలో యాంకర్ టెక్స్ట్ దాకా, అంటే లింకు మీద నొక్కడానికి కనిపించే మాటల దాకా వచ్చాం. మీ సైటుకు వస్తున్న లింకుల జాబితాను సెర్చ్ కన్సోల్ (సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే టూల్) నుంచి దించి పెట్టుకోమన్నాను కదా, ఆ ఫైలు దగ్గర పెట్టుకోండి. చివర్లో దానితో పనుంది.

సొంత వ్యాపారానికి సైటు పెట్టుకున్నవాళ్లకు వాట్సాప్‌లో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మెసేజ్ వచ్చే ఉంటుంది: "సార్, డీఏ 40 దాటిన 50 బ్లాగుల్లో మీ లింకు పెట్టిస్తాం, నెలలో ఫస్ట్ పేజీ గ్యారంటీ." డీఏ (డొమైన్ అథారిటీ) అనేది మాజ్ అనే కంపెనీ సొంతంగా వేసే మార్కు. గూగుల్ దాన్ని వాడదు. సరే, మార్కు సంగతి వదిలేద్దాం. ఆ 50 బ్లాగులూ ఒకే మనిషి చెప్పినట్టు ఎందుకు వింటున్నాయి? అసలు ప్రశ్న అదీ.

ముందు కొంచెం లెక్క. లారీ పేజ్, సెర్గే బ్రిన్ 1998లో స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా ప్రకటించిన పేజ్‌ర్యాంక్ సూత్రం ప్రకారం ఒక పేజీ విలువలో 0.85 వంతు దానిలోని లింకులకు సమానంగా పంపకమవుతుంది. విలువ 1 ఉన్న పేజీలో 5 లింకులుంటే ఒక్కోదానికి 0.17. అదే పేజీలో 50 లింకులుంటే 0.017. ఇవాళ్టి గూగుల్ ఇంకా చాలా చూస్తుంది గానీ, ఒకే మనిషి చేతిలోని బ్లాగుల గుంపుతో లింకులు అమ్మే ఈ నెట్‌వర్క్ వ్యాపారం పుట్టింది ఈ లెక్క మీదే.

విలువున్న పేజీ ఎక్కడ దొరుకుతుంది? గడువు తీరినా యజమాని రెన్యూ చేసుకోని డొమైన్లు వేలానికొస్తాయి. ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ సైటు పదేళ్లు నడిచి మూతపడిందనుకోండి. పత్రికలు, కాలేజీలు దానికిచ్చిన లింకులు ఇంకా అలాగే ఉంటాయి. ఆ డొమైన్ కొని, పైపైన ఒక బ్లాగు పెట్టేస్తే, ఆ పాత లింకుల బలాన్ని అమ్ముకోవచ్చు. ఇలాంటివి పదులో వందలో పోగేస్తే అది నెట్‌వర్క్.

అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఇంకోటుంది. పాత డొమైన్‌కు బయటి లింకులు ఎక్కువగా హోమ్ పేజీకే ఉంటాయి. మీ పోస్టు హోమ్ పేజీలో పైన కనిపించినన్నాళ్లే ఆ బలం నేరుగా అందుతుంది. వెనకాల కొత్త పోస్టులు పడేకొద్దీ మీది లోపలి పేజీల్లోకి జారుతుంది, వాటా సన్నబడుతుంది. అందుకే ప్రతి నెలా కొత్త లింకులు కొనమంటారు. కొన్నామనుకుంటాం గానీ నిజానికి అది అద్దె.

2012 నాటి బిల్డ్ మై ర్యాంక్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. డబ్బు కట్టినవాళ్లు చిన్న పోస్టు, అందులో తమ లింకు ఇస్తే, ఆ కంపెనీ తన నెట్‌వర్క్‌లోని ఏదో ఒక బ్లాగులో వేసేది. కొన్నాళ్లు బాగానే పనిచేసింది. ఆ ఏడాది మార్చి 19న చూసుకుంటే నెట్‌వర్క్‌లో అత్యధిక భాగం గూగుల్ ఇండెక్స్ (సెర్చ్‌లో చూపించే పేజీల జాబితా) నుంచి మాయమైందని కంపెనీయే ప్రకటించి దుకాణం మూసేసింది. తర్వాత నెల 24న పెంగ్విన్ అనే గూగుల్ అప్‌డేట్ వచ్చి, కృత్రిమ లింకులతో పైకొచ్చిన సైట్లను కిందికి నెట్టింది. లింకులు పెట్టించింది మేం కాదు అన్నా చెల్లదు. అంతకు ఏడాది ముందు, 2011 ఫిబ్రవరిలో, అమెరికాలోని జేసీ పెన్నీ దుకాణాల సంస్థ అలాగే అంది. దాని సైటు ర్యాంకులు అయినా పడిపోయాయి.

2016 సెప్టెంబరు నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు పెంగ్విన్ ఎక్కువగా ఇలాంటి లింకులను లెక్కలోంచి తీసేసి ఊరుకుంటుంది. శిక్ష పడదు, ఫలితమూ ఉండదు, డబ్బు మాత్రం పోతుంది. గూగుల్ మనిషి స్వయంగా చూసి వేసే మాన్యువల్ యాక్షన్ మాత్రం ఇప్పటికీ ఉంది. పైగా 2024 మార్చిలో, గడువు తీరిన డొమైన్లను ర్యాంకుల కోసం ఇలా వాడటాన్ని స్పామ్ నియమాల్లో విడిగా చేర్చారు.

ఇక పసిగట్టడం. నెట్‌వర్క్ కనిపించకుండా ఉండాలి. దాన్ని దాచడానికి పడే పాట్లే దాన్ని పట్టిస్తాయి. ఒక బ్లాగు తెరవండి. పైన "ఆరోగ్యంగా ఉండటానికి 7 చిట్కాలు", దాని కింద ఆన్‌లైన్ రమ్మీ, ఆ కింద "హైదరాబాద్‌లో బెస్ట్ ప్యాకర్స్ అండ్ మూవర్స్". ప్రతి పోస్టులో సరిగ్గా ఒకే బయటి లింకు, యాంకర్ టెక్స్ట్ అచ్చం జనం సెర్చ్‌లో కొట్టే మాట. రచయిత పేరు అడ్మిన్. "మా గురించి" పేజీలో ఎవరి గురించీ ఉండదు. ఇప్పుడు అదే అడ్రస్‌ను, సైట్ల పాత రూపాలను దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో పెట్టి నాలుగేళ్ల వెనక్కి వెళ్లండి. అక్కడ ఏ డెంటల్ క్లినిక్కో కనిపిస్తే అది నెట్‌వర్క్ బ్లాగే, ఇక సందేహం అక్కర్లేదు.

నాకు బాగా పనికొచ్చే గుర్తు మాత్రం రోబోట్స్ ఫైలు. సైట్లను చదివే ప్రోగ్రాముల్లో, అంటే బాట్లలో, ఏది రావచ్చో ఏది రాకూడదో చెప్పే ఫైలు అది. డొమైన్ పేరు తర్వాత స్లాష్ (/) పెట్టి robots.txt అని కొడితే తెరుచుకుంటుంది. మామూలు బ్లాగరు దాని జోలికే వెళ్లడు. నెట్‌వర్క్ యజమాని మాత్రం గూగుల్‌ను రానిచ్చి, లింకులు వెతికే ఏహ్రెఫ్స్, సెమ్రష్, మెజెస్టిక్ బాట్లను వరసపెట్టి అడ్డుకుంటాడు. పోటీదారులకు తన సైట్లు దొరక్కూడదని. ఆ ఒక్క ఫైలు చూసి తేల్చేయకండి, సర్వర్ మీద భారం తగ్గించుకోవడానికి ఆపేవాళ్లూ ఉంటారు. పైవాటితో కలిపి చూడండి.

డబ్బిచ్చి లింకు పెట్టించడమే తప్పనుకోకండి. ఆ లింకును ర్యాంకుల లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే స్పాన్సర్డ్ అనో నోఫాలో అనో ట్యాగ్ ఉంటే అది మామూలు ప్రకటనే. కానీ ట్యాగ్ పెడతారా అని అడిగి చూడండి, ఆ వాట్సాప్ సారు మళ్లీ పలకడు.

ఈ వారం పని: మీ ఫైల్లోంచి తెలియని డొమైన్లు ఇరవై ఏరి, ఒక్కోదాన్నీ పైన చెప్పినట్టు చూడండి. అనుమానం వచ్చినవాటి పక్కన కారణం రాయండి. ఫలానా లింకులను లెక్కలోంచి తీసేయమని గూగుల్‌కు చెప్పే డిసావో టూల్‌ను మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దు. మాన్యువల్ యాక్షన్ లేకుండా కంగారుపడి లింకులు కొట్టేస్తే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది, పనిచేస్తున్న మంచి లింకులూ పోతాయి. సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ పేజీ తెరిచి సమస్యలేవీ లేవని ఉందో లేదో చూసుకోండి. ఏదైనా కనిపిస్తే, లింకులు తీయించమని మెయిల్ ఎలా రాయాలో, గూగుల్‌కు పునఃపరిశీలన అర్జీ ఎలా పెట్టాలో 7వ పాఠంలో చేసి చూద్దాం.