జిరా రిపోర్టులు చదవడం – 3వ పాఠం: బర్న్‌డౌన్ గీత ఏం చెబుతోంది?

పోయిన పాఠంలో జిరా (టీమ్ పనులను నమోదు చేసి, ఎంతవరకు వచ్చాయో చూసుకునే సాఫ్ట్‌వేర్) బోర్డు సర్దుకున్నాం: కాలమ్‌లు, స్టేటస్‌లు, స్టోరీ పాయింట్లు (ఒక్కో పని ఎంత పెద్దదో చెప్పే అంచనా అంకెలు). ఈసారి రెండు చార్టులు చూద్దాం. స్ప్రింట్ (ఒక విడత పని ముగించడానికి టీమ్ పెట్టుకునే గడువు) నడుస్తున్నప్పుడు రోజూ చూడాల్సింది బర్న్‌డౌన్ (ఇంకా మిగిలిన పని), స్ప్రింట్ ముగిశాక చూడాల్సింది వెలాసిటీ (ఒక్కో స్ప్రింట్‌లో పూర్తయిన పని). ఎక్కువసేపు బర్న్‌డౌన్ దగ్గరే ఆగుదాం. వెలాసిటీ చదవడం తేలిక, దాన్ని తప్పుగా వాడటం ఇంకా తేలిక.

స్క్రమ్ (స్ప్రింట్లుగా విడగొట్టి పని చేసే పద్ధతి) బోర్డు తెరిచి రిపోర్ట్స్‌లోకి వెళ్తే బర్న్‌డౌన్ చార్ట్ దొరుకుతుంది. అడ్డంగా రోజులు, నిలువుగా మిగిలిన పాయింట్లు. పని రోజూ సమానంగా తరిగితే ఎలా ఉంటుందో బూడిదరంగు గీత చూపిస్తుంది. ఎర్ర గీత మీ టీమ్‌ది. ఎర్ర గీత పైన ఉంటే వెనకబడ్డాం, కింద ఉంటే ముందున్నాం అని చాలామంది అక్కడితో వదిలేస్తారు. అలా చూస్తే తెలిసేది తక్కువే. గీత ఎన్నాళ్లు కదలకుండా ఉంది, ఎక్కడ పైకి లేచింది, ఎక్కడ ఒక్కసారిగా కిందికి పడింది అన్నవే అసలు ఆనవాళ్లు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండు వారాల స్ప్రింట్, 10 పనిదినాలు, మొదట్లో 40 పాయింట్లు. మూడో రోజు 3 పాయింట్ల స్టోరీ (యూజర్‌కి అందాల్సిన ఒక పని) ఒకటి క్లోజ్ అయింది, మిగిలింది 37. ఐదో రోజు క్లయింట్ నుంచి ప్రొడక్షన్ బగ్ వచ్చింది, 5 పాయింట్లు కలిశాయి, గీత 42కి లేచింది. ఏడో రోజు 8 పాయింట్లు తరిగి 34. తొమ్మిదో రోజు ఆ బగ్ ముగిసి 29. పదో రోజు మధ్యాహ్నం మూడు స్టోరీలు వరసగా క్లోజ్ అయ్యాయి, 21 పాయింట్లు ఒక్క పూటలో పోయాయి. చివరికి మిగిలింది 8 పాయింట్ల స్టోరీ ఒకటి. అది స్పిల్‌ఓవర్, తర్వాతి స్ప్రింట్‌కి వెళ్తుంది.

ఇప్పుడు చదువుదాం. ఐదో రోజు లేచిన మెట్టు తేలిగ్గా అర్థమవుతుంది: మధ్యలో పని వచ్చి పడింది. చార్టు కింద ఉండే పట్టికలో ఏ టికెట్ (స్టోరీ, బగ్ లాంటి ఒక్కో పని నమోదు) ఎప్పుడు కలిసిందో తేదీతో సహా ఉంటుంది. ఒక స్ప్రింట్‌లో ఇలా జరిగితే పట్టించుకోనక్కర్లేదు. ప్రతి స్ప్రింట్‌లోనూ ఐదో రోజో ఆరో రోజో ఈ మెట్టు కనిపిస్తుంటే మాత్రం, ప్లానింగ్ రోజే బగ్‌ల కోసం కొంత జాగా వదిలిపెట్టాలి.

కష్టమైన ప్రశ్న చివరి రోజుది. 21 పాయింట్లు ఒక పూటలో ఎలా తరిగాయి? దీనికి కారణాలు రెండు మూడు ఉండొచ్చు, చార్టు ఒక్కటే చూసి ఏదో తేల్చలేం. ఆ మూడు టికెట్లు తెరిచి, కింద యాక్టివిటీ దగ్గర హిస్టరీ నొక్కండి. స్టేటస్ ఎప్పుడెప్పుడు మారిందో వరసగా కనిపిస్తుంది.

మూడూ ఆరో రోజుకే టెస్టింగ్‌లోకి వెళ్లి, పదో రోజు దాకా అక్కడే కూర్చున్నాయనుకోండి. డెవలపర్లు తమ పని చేశారు, టెస్టర్ ఒక్కరే ఉండటంతో క్యూ పేరుకుంది. అప్పుడు 'వేగం పెంచండి' అని డెవలపర్లను తొందరపెడితే క్యూ ఇంకా పెరుగుతుంది. ఒక డెవలపర్‌ని రెండు రోజులు టెస్టింగ్‌కి సాయంగా పెట్టడమే దారి.

అదే మూడూ పదో రోజు ఐదు నిమిషాల్లో 'ఇన్ ప్రోగ్రెస్' నుంచి నేరుగా 'డన్'కి దూకి ఉంటే, పని ఎప్పుడు అయిందో ఎవరికీ తెలియదు. స్ప్రింట్ రివ్యూ (చివర్లో చేసిన పని చూపించే సమావేశం) టెన్షన్‌లో ఎవరో కూర్చుని బోర్డు అప్‌డేట్ చేశారు. చార్టు చూపించేది ఆ అలవాటునే. ముందు దాన్ని మార్చాలి, తర్వాతే చార్టు చదవాలి.

మూడో కారణం జిరా లెక్క వేసే తీరులో ఉంది, కొత్తవాళ్లు ఎక్కువగా ఇక్కడే తికమకపడతారు. బోర్డులో కుడివైపు చిట్టచివరి కాలమ్‌లోకి వస్తేనే స్టోరీ పూర్తయినట్టు లెక్క. మీ బోర్డులో 'టెస్టింగ్ డన్' తర్వాత 'రిలీజ్‌కి రెడీ' అని ఇంకో కాలమ్ ఉంటే, టెస్టింగ్ ముగిసినా గీత కదలదు. సబ్‌టాస్క్‌లదీ ఇదే కథ. 8 పాయింట్ల స్టోరీ కింద ఆరు సబ్‌టాస్క్‌లు ఉండి ఐదు క్లోజ్ అయినా, పాయింట్ల బర్న్‌డౌన్‌లో తరిగేది సున్నా. ఆరోదీ ముగిసి స్టోరీ కూడా క్లోజ్ అయినప్పుడు ఎనిమిదీ ఒకేసారి పోతాయి. ఇది లోపం అని నేను అనుకోను. యూజర్ చేతికి అందనిది సగం పూర్తయిందని రాసుకుని ఏం లాభం? గీత రోజూ కదలాలంటే స్టోరీలనే చిన్నవి చేయండి; 8 పాయింట్లదాన్ని 3, 3, 2గా విడగొట్టండి.

సెలవుల సంగతి కూడా చెప్పాలి. సంక్రాంతికి మూడు రోజులు ఆఫీసు ఉండదు, అటు అమెరికాలో క్లయింట్ వాళ్లకు అవి మామూలు పనిదినాలే. బోర్డు సెట్టింగ్స్‌లో వర్కింగ్ డేస్ దగ్గర ఆ తేదీలను సెలవులుగా నమోదు చేయకపోతే, బూడిదగీత పండగ రోజుల్లోనూ దిగుతూనే ఉంటుంది. సోమవారం కాల్‌లో 'ఎందుకు వెనకబడ్డారు?' అని అడిగించుకోవడం అనవసరం. నమోదు చేస్తే ఆ రోజుల్లో గీత అడ్డంగా సాగి, తర్వాత దిగుతుంది.

ఇక వెలాసిటీ. ఒక్కో స్ప్రింట్‌కి రెండు కడ్డీలు: మొదట్లో ఒప్పుకున్నది బూడిదరంగులో, పూర్తి చేసినది ఆకుపచ్చలో. మన ఉదాహరణలో 40కి 37. చూస్తే ముచ్చటగా ఉంది. కానీ ఆ 37లో 5 మధ్యలో వచ్చిన బగ్‌వి. మొదట ఒప్పుకున్న 40లో అయింది 32 మాత్రమే. స్ప్రింట్ మొదలయ్యాక కలిసిన పని బూడిద కడ్డీలోకి రాదు, పూర్తయితే ఆకుపచ్చలోకి మాత్రం వస్తుంది. అందుకే వెలాసిటీ పక్కన స్ప్రింట్ రిపోర్ట్ కూడా తెరిచి పెట్టుకోండి. మధ్యలో కలిపిన టికెట్లకు అందులో నక్షత్రం గుర్తు ఉంటుంది.

వెలాసిటీ బాగా పనికొచ్చేది అంచనాకి. గత ఐదు స్ప్రింట్లలో 31, 38, 22, 35, 34 పూర్తయ్యాయనుకుందాం. సగటు 32. బ్యాక్‌లాగ్‌లో (ఇంకా చేయాల్సిన పనుల జాబితాలో) 200 పాయింట్లు ఉంటే, భాగించి 6.25 అని చెప్పకండి. అందులో బాగా జరిగిన మూడింటి సగటు దాదాపు 36, తక్కువగా జరిగిన మూడింటిది 29. మొదటి లెక్కన 6 స్ప్రింట్లు, రెండో లెక్కన 7. 'ఆరు నుంచి ఏడు' అని చెబితే మేనేజర్ మొహం కాస్త చిన్నబోవచ్చు, అయినా నిలబడే మాట అదే. ఆ 22 ఎందుకొచ్చిందో కూడా అడిగి తెలుసుకోండి. దసరా వారమా, ఇద్దరు సెలవులో ఉన్నారా, లేక పెద్ద స్టోరీ ఒకటి స్పిల్ అయిందా? స్పిల్ అయితే ఆ పాయింట్లు మొత్తం తర్వాతి స్ప్రింట్ ఖాతాలోకి వెళ్తాయి. ఒక స్ప్రింట్ తగ్గి మరుసటిది పెరగడం చాలాసార్లు ఇందువల్లే.

రెండు టీమ్‌ల వెలాసిటీని పక్కపక్కన పెట్టి పోల్చడం మాత్రం వద్దు. ఒక టీమ్ 3 అనే పనిని ఇంకో టీమ్ 8 అంటుంది. పైగా అప్రైజల్‌కి ఈ అంకె లెక్కలోకి వస్తుందని తెలిస్తే, రెండు నెలల్లో 3లన్నీ 5లవుతాయి. చార్టు పెరుగుతుంది, పని అంతే ఉంటుంది. 2020 నాటి స్క్రమ్ గైడ్‌లో (స్క్రమ్ పద్ధతిని వివరించే మూల పత్రంలో) వెలాసిటీ అన్న మాటే లేదు. బర్న్‌డౌన్ పేరు ఉంది, అదీ పురోగతిని అంచనా వేసే పద్ధతుల్లో ఒకటిగా.

అభ్యాసం: మీ టీమ్ ముగించిన చివరి స్ప్రింట్ బర్న్‌డౌన్ తెరవండి. గీత వరసగా మూడు పనిదినాలు కదలకుండా ఉన్న చోటు వెతకండి. ఆ రోజుల్లో 'ఇన్ ప్రోగ్రెస్'లోనో 'టెస్టింగ్'లోనో ఉన్న టికెట్లను రాసుకుని, ఒక్కోదాని హిస్టరీ చూసి ఏ స్టేటస్‌లో ఎన్నాళ్లు ఆగిందో పక్కన వేయండి. ఆ కాగితం దాచిపెట్టుకోండి, వచ్చే పాఠంలో క్యుములేటివ్ ఫ్లో చార్టు దగ్గర అవే అంకెలతో మొదలుపెడతాం.