కారు ఒక్కటే, పిచ్చి ఇద్దరికీ: కొట్టుకోకుండా సరదా పంచుకోవడం ఎలా

ఇంట్లో ఒక్కళ్ళకే కారు పిచ్చి ఉంటే పెద్ద గొడవేం ఉండదు, ఆ ఒక్కళ్ళూ బానెట్ ఎత్తుకుని కూర్చుంటారు, రెండోవాళ్ళు మళ్ళీ మొదలైందిరా బాబూ అనుకుని తమ పని తాము చూసుకుంటారు. ఇద్దరికీ ఉంటేనే తంటా, ఎందుకంటే కారు ఒకటే, స్టీరింగ్ ఒకటే, ఆదివారం కూడా వారానికి ఒకటే వస్తుంది. మా ఆయనా నేనూ పెళ్ళయిన కొత్తలో కారు గురించి పోట్లాడుకున్నంత ఇంక దేని గురించీ పోట్లాడుకోలేదు, తర్వాత్తర్వాత తెలిసిందేంటంటే ఆ గొడవల్లో ముప్పావు వంతు పక్క సీట్లో పుట్టినవే. అంటే నడపనివాళ్ళకి చేతిలో పని లేకపోవడం వల్ల వచ్చినవి. అందుకే ఇక్కడ రాసేదంతా పని ఎలా పంచుకోవాలి అనేదాని గురించే, కారు ఏది కొనాలి అనే చర్చ ఇందులో ఉండదు.

ముందు సీటు సంగతి తేల్చుకోండి. ఒకళ్ళు పొడుగు ఒకళ్ళు పొట్టి అయితే బండెక్కిన ప్రతిసారీ సీటు జరపాలి, జరిపిన ప్రతిసారీ "నా సీటింగ్ అంతా పాడుచేశావ్" అని సణుగుడు. మెమరీ సీటు ఉన్నవాళ్ళకి బటన్ నొక్కితే అయిపోతుంది, లేనివాళ్ళు మేం చేసినట్టు చేయొచ్చు: సీటుని మొత్తం వెనక్కి తోసేసి, అక్కణ్ణుంచి ముందుకి ఎన్ని టిక్కులకి మీకు కుదిరిందో లెక్కపెట్టుకోండి. నాది 7, ఆయనది 3, అంతే, రెండు సెకన్ల పని. కుదిరిందని ఎలా తెలుస్తుందంటే, క్లచ్ పూర్తిగా తొక్కినా (ఆటోమేటిక్ అయితే బ్రేక్) మోకాలు ఇంకా కాస్త వంగే ఉండాలి, వీపు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. ఇక సైడ్ మిర్రర్లు, చాలామంది సగం అద్దంలో సొంత కారునే చూసుకుంటూ ఉంటారు. డ్రైవర్ వైపు మిర్రర్ కోసం తల కిటికీ అద్దానికి ఆనించి మీ కారు పక్క భాగం అంచు మాత్రం లీలగా కనపడేదాకా బయటికి తిప్పండి, రెండో వైపు దానికి తలని కారు మధ్యకి వంచి అలాగే చేయండి. మామూలుగా కూర్చున్నాక మీ కారు అస్సలు కనపడదు, రెండ్రోజులు వింతగా ఉంటుంది కానీ పక్క లేన్లో దాక్కునే బళ్ళు కనపడడం మొదలవుతాయి. అయినా లేన్ మారేముందు ఒకసారి తల తిప్పి చూడాల్సిందే.

రోజువారీ పనుల్లో మాకు బాగా పనికొచ్చింది గ్లవ్ బాక్స్‌లో పెట్టిన మామూలు నోటు పుస్తకం. ఫోన్లో యాప్‌లు ఉన్నాయి, నిజమే, కానీ ఎవరి ఫోన్లో ఉంటే లెక్క వాళ్ళదే అయిపోతుంది, పుస్తకమైతే కారుది. పెట్రోల్ ఫుల్ ట్యాంక్ కొట్టించినప్పుడల్లా కిలోమీటర్లు, లీటర్లు రాయాలి, ఎవరు కొట్టిస్తే వాళ్ళు. ఫుల్ నుంచి మళ్ళీ ఫుల్‌కి 540 కిలోమీటర్లు తిరిగి 36 లీటర్లు పట్టిందనుకోండి, మైలేజీ 15. డ్యాష్‌బోర్డ్ చూపించే నంబర్ కన్నా దీన్నే నేను నమ్ముతా. ఇది ఉన్నట్టుండి 13కి పడిందంటే టైర్లలో గాలి తగ్గిందా, బ్రేక్ ఎక్కడైనా పట్టుకుంటోందా, డిక్కీలో ఎవరో అనవసరమైన సామాను వేసి మర్చిపోయారా అని వెతకాలి. మా ఇంట్లో మూడోదే. క్రికెట్ కిట్ నెలన్నర కారులోనే కాపురం పెట్టింది, ఎవరిదో చెప్పను. దాని బరువుకి మైలేజీ పెద్దగా పడదులెండి, అసలు దోషి గాలి, కానీ తిట్టడానికి కిట్టే కళ్ళెదురుగా కనపడింది.

గాలి గురించి ఒక్క మాట. చల్లగా ఉన్న టైర్లలోనే చూడాలి, అంటే పొద్దున్నే బండి కదలకముందు. టైరు పక్కన రాసి ఉండే నంబర్ దాని గరిష్ఠ పరిమితి, మీ కారుకి కావలసింది డ్రైవర్ డోర్ తీస్తే కనపడే స్టిక్కర్ మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది. వాతావరణం 10 డిగ్రీలు చల్లబడితే గాలి దాదాపు 2 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలిచే లెక్క) దానంతటదే తగ్గుతుంది కాబట్టి చలి మొదలైనప్పుడు పంక్చర్ అయిందేమోనని కంగారు పడక్కర్లేదు. టైరు వయసు కూడా దాని మీదే ఉంటుంది, నాలుగు అంకెల కోడ్, 3523 అని ఉంటే 2023లో 35వ వారం తయారైందని. ఇది తెలిసిన రోజు మా ఆయన పార్కింగ్‌లో ఉన్న బళ్ళన్నిటి టైర్ల పుట్టినరోజులు చదువుకుంటూ తిరిగాడు, వాచ్‌మన్ వచ్చి ఏం పోయింది సార్ అని అడిగేదాకా.

వారాంతంలో మొదటి సంబరం కారు కడగడం. ఇద్దరూ కలిసి చేస్తే గంటలో అయిపోతుంది, తప్పుగా చేస్తే మాత్రం పెయింట్ మీద సాలెగూడులాంటి సన్నటి గీతలు పడతాయి, ఎండలో చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ గీతలు ఎక్కువగా మనం రుద్దడం వల్లే వస్తాయి, గుడ్డలో ఇరుక్కున్న ఇసుకని మనమే కారంతా తిప్పుతాం కదా. అందుకే రెండు బకెట్లు కావాలి, ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్ళు. గుడ్డని షాంపూలో ముంచి ఒక డోర్ తుడవగానే ఉత్త నీళ్ళ బకెట్లో జాడించి, అప్పుడే మళ్ళీ షాంపూలోకి. కాసేపటికి ఆ ఉత్త నీళ్ళ బకెట్ అడుగున ఎంత ఇసుక చేరిందో చూస్తే ఇంక జన్మలో ఒక్క బకెట్‌తో కడగరు.

పని పంపకం ఇలా: ఒకళ్ళు చక్రాలు, ఇంకొకళ్ళు బాడీ, ఎట్టి పరిస్థితుల్లోనూ గుడ్డలు మార్చుకోకూడదు. చక్రాలకి బ్రేకుల నుంచి రాలిన ఇనప పొడి అంటుకుని ఉంటుంది, ఆ గుడ్డతో డోర్ తుడిచారంటే గరుకు కాగితంతో తుడిచినట్టే, నేను ఎర్ర గుడ్డ చక్రాలకి నీలం గుడ్డ బాడీకి అని పెట్టేశాను, ఇక వాదన లేదు. నీడలో, బానెట్ చెయ్యి పెడితే చల్లగా తగిలాకే మొదలెట్టాలి, లేకపోతే షాంపూ ఎండిపోయి మరకలు కడుతుంది. ముందు ఉత్త నీళ్ళు కొట్టి వదులు దుమ్ము పోగొట్టి, అప్పుడు రూఫ్ నుంచి కిందికి, గుండ్రంగా తిప్పకుండా సూటిగా తుడవండి, కింది భాగం చివర్లో, బురదంతా అక్కడే ఉంటుంది. గిన్నెలు తోమే లిక్విడ్ వాడొద్దు, వ్యాక్స్ అంతా ఊడ్చేస్తుంది. గుడ్డ నేల మీద పడిందా, ఆ రోజుకి దానికి సెలవు, జాడించి వాడదాంలే అనే బేరాలు వద్దు. ఆరబెట్టేటప్పుడు మందపాటి మైక్రోఫైబర్ గుడ్డ పరిచి అద్దితే చాలు.

అద్దాల దగ్గర మాత్రం మాకు ఎప్పుడూ గొడవే ఉండేది, మరక లోపలి వైపా బయటి వైపా, నీదా నాదా అని. దానికి ఓ కిటుకు దొరికింది, లోపలివాళ్ళు నిలువుగా తుడవాలి, బయటివాళ్ళు అడ్డంగా తుడవాలి. చివరికి గీత ఎటు ఉంటే తప్పు వాళ్ళది. ఇప్పటికి స్కోరు నాకే అనుకూలంగా ఉంది.

ఇక పక్క సీటు. ర్యాలీ అనే కారు పందేల్లో డ్రైవర్ పక్కన కూర్చునే కో-డ్రైవర్ ఏం చేస్తాడో ఎప్పుడైనా గమనించండి, అతను రోడ్డు చూసి భయపడుతూ కూర్చోడు, ముందే రాసుకున్న నోట్స్ చదువుతూ ఉంటాడు, ఎన్ని మీటర్లకి ఏ వైపు ఎంత మలుపు అని. చాలామంది వాడే పద్ధతిలో మలుపులకి 1 నుంచి 6 దాకా నంబర్లుంటాయి, 1 అంటే బాగా బిగుతు మలుపు, 6 అంటే దాదాపు తిన్నగా పోవచ్చు. మనకి ఆ స్పీడ్లు అక్కర్లేదు కానీ ఆ మర్యాద కావాలి. దారి చెప్పేటప్పుడు దూరం ముందు, గుర్తు తర్వాత, వైపు చివర: "ఇంకో 300 మీటర్లు, పెట్రోల్ బంక్ దాటగానే, ఎడమకి." అంతే గానీ మలుపు దాటిపోయాక "ఇక్కడే ఇక్కడే అబ్బా" అంటే నడిపేవాళ్ళకి కాలుతుందా కాలదా? మేం పెట్టుకున్న రూల్ ఏంటంటే పక్క సీట్లోంచి నోరు తెరవాల్సింది రాబోయే దారి గురించీ, నడిపేవాళ్ళు చూసి ఉండరేమో అనిపించిన ప్రమాదం గురించీ మాత్రమే. గేరు ఎందుకు మార్చలేదు, ఆ లారీని ఎందుకు దాటలేదు లాంటివి బండి దిగాక. దిగేసరికి సగం మర్చిపోతాం, అదే కావాల్సింది.

భార్యాభర్తల కారు కథల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది బెర్తా బెంజ్‌ది. పెళ్ళికి ముందే తన కట్నం డబ్బుల్లోంచి కార్ల్ బెంజ్ వ్యాపారంలో పెట్టుబడి పెట్టింది, ఆయనేమో కారు తయారుచేసి అమ్మకాలు లేక దిగులుగా కూర్చున్నాడు. 1888 ఆగస్టులో ఆవిడ ఆయనకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని జర్మనీలో మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయల్దేరింది, దాదాపు 106 కిలోమీటర్లు. ఇంధనం అయిపోతే దారిలో వీస్లోఖ్ అనే ఊళ్ళో మందుల షాపులో లిగ్రోయిన్ (అప్పట్లో ఆ కారుకి ఇంధనంగా వాడిన పెట్రోల్ లాంటి ద్రవం) కొని పోసుకుంది, ఇంధనం పైపు మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది, బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడితో తోలు కొట్టించింది. ఎత్తుల మీద పిల్లలు దిగి తోశారు, ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తే కార్ల్ ఇంకో గేరు చేర్చాడు. లాంగ్ డ్రైవ్, రోడ్డు పక్క రిపేరు, టెస్ట్ రిపోర్టు అన్నీ ఒక్క ట్రిప్పులో. మా ఆయన నన్ను అడక్కుండా కారు తీసుకెళ్ళావేంటి అన్నప్పుడల్లా ఈ కథ చెప్తాను.

ఆవిడలా పిన్నుతో పని జరగదు గానీ ఇప్పటి కార్లలోనూ ఇద్దరికీ రావాల్సిన పని ఒకటుంది, స్టెప్నీ మార్చడం. దీన్ని రోడ్డు మీద నేర్చుకోకండి, ఓ ఆదివారం ఇంటి దగ్గరే ప్రాక్టీస్ చేయండి, ఒకళ్ళు చేస్తుంటే రెండోవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి, తర్వాత మార్చుకోవాలి. సమంగా ఉన్న నేల, హ్యాండ్ బ్రేక్ లాగి గేరులో పెట్టండి, ఎదురు మూల చక్రానికి రాయి అడ్డం. బండి ఇంకా నేల మీద ఉండగానే నట్లు సగం వదులు చేసుకోవాలి, జాకీ ఎత్తాక చేస్తే చక్రం తిరిగిపోతుంది. జాకీ పెట్టే చోటు మాన్యువల్‌లో చూపించి ఉంటుంది, ఎక్కడ పడితే అక్కడ పెడితే రేకు వంగిపోతుంది. జాకీ మీద ఉన్న బండి కిందికి చెయ్యి గానీ కాలు గానీ పోనివ్వకూడదు. బిగించేటప్పుడు పక్కపక్క నట్లు కాకుండా ఎదురెదురువి, బండి దించాక మళ్ళీ గట్టిగా, ఓ 50 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి. స్టెప్నీ సన్నగా ఉండే రకం అయితే దాని మీద స్పీడ్ పరిమితి రాసి ఉంటుంది, ఎక్కువగా 80. అన్నట్టు స్టెప్నీలో కూడా గాలి చూడాలి, మేం మొదటిసారి ప్రాక్టీస్ చేసినప్పుడు అది చప్పబడి ఉంది, అదే అర్ధరాత్రి రోడ్డు మీద తెలిసుంటే ఇద్దరిలో ఎవరో ఒకరు పుట్టింటికి నడిచి వెళ్ళేవాళ్ళు.

బయటికి వెళ్ళే రోజు తెల్లారకముందే లేవగలిగితే సగం ట్రిప్పు గెలిచినట్టే, రోడ్డు ఖాళీ, వెలుగు బావుంటుంది. రెండు గంటలకోసారి ఆపి పావుగంట దిగి నడవండి, అప్పుడే సీటు కూడా మార్చుకోండి. మేం కిలోమీటర్లు లెక్కపెట్టి పంచుకుని చూశాం, అది కుదర్లేదు, ఎందుకంటే మలుపుల రోడ్డు ఎవరికి వస్తే వాళ్ళకి పండగ, ట్రాఫిక్ ఎవరికి వస్తే వాళ్ళకి చాకిరీ. ఇప్పుడు పోయేటప్పుడు ఘాట్ ఒకళ్ళది, వచ్చేటప్పుడు ఇంకొకళ్ళది. దిగేటప్పుడు మాత్రం ఎవరున్నా చిన్న గేరులో ఇంజన్ పట్టు మీదే దించాలి, బ్రేక్ తొక్కి పట్టుకునే పోతే వేడెక్కి పట్టు తగ్గుతుంది.

ఖాళీ రోడ్డు దొరికితే ఓ ఆట ఆడండి, ర్యాలీల్లో టైమ్ స్పీడ్ డిస్టెన్స్ అంటారు. సగటు వేగం ముందే అనుకోవాలి, 36 అనుకోండి, అంటే సెకనుకి సరిగ్గా 10 మీటర్లు, నిమిషానికి 600. అప్పుడు 12 కిలోమీటర్లకి 20 నిమిషాలు పట్టాలి, ఆలస్యమైనా పాయింట్లు పోతాయి, ముందు చేరినా పోతాయి. పక్క సీట్లోవాళ్ళు లెక్క చెప్తూ ఉంటే నడిపేవాళ్ళు స్పీడోమీటర్ చూసి సర్దుకుంటారు. తొందర పడితే ఓడిపోయే ఆట కాబట్టి రోడ్డు రూల్స్‌తో తగాదా ఉండదు, కానీ ట్రాఫిక్‌లో వద్దు, కూడికలు తప్పుతాయి, మూడ్ కూడా.

ఫొటోల పిచ్చి ఉన్నవాళ్ళకి రెండు ముక్కలు. మిట్టమధ్యాహ్నం తీయొద్దు, సూర్యుడు వాలాక తీస్తే బాడీ వంపులు తేలతాయి, కెమెరాని హెడ్‌లైట్ల ఎత్తుకి దించండి, ముందు చక్రాన్ని కాస్త తిప్పి డిజైన్ కెమెరాకి కనపడేలా పెట్టండి. వానాకాలం ఇంట్లో ఇరుక్కుంటే బొమ్మ కార్లు ఉండనే ఉన్నాయి, 1:64 సైజులో, అంటే అసలు కారులో 64వ వంతు, మామూలు కారు 7 సెంటీమీటర్లు వస్తుంది, 1:18 అయితే పాతిక సెంటీమీటర్లు, అది మొదలెట్టేముందు అల్మరాలో జాగా గురించి మాట్లాడుకోండి, ఎందుకు చెప్తున్నానో మూడో అర నిండాక అర్థమవుతుంది.

ట్రిప్పు నుంచి రాగానే ఒళ్ళు నొప్పులని పడుకోవాలనిపిస్తుంది, కానీ బంపర్ మీదా ముందు అద్దం మీదా అతుక్కున్న పురుగుల్ని ఆ రాత్రే తీసేయాలి, ఎండ తగిలి ఎండిపోతే పెయింట్‌ని తినేస్తాయి, పక్షి రెట్ట కూడా అంతే. గోకకూడదు, తడి మైక్రోఫైబర్ గుడ్డ పరిచి పది నిమిషాలు నానబెడితే మెత్తబడి వాటంతటవే వస్తాయి. ఆ పని చివర్లో నడపనివాళ్ళది. ఈ రూల్ పెట్టింది నేనే, పెట్టిన దగ్గర్నుంచీ ఆఖరి యాభై కిలోమీటర్లు నడుపుతానని మా ఆయన తెగ పట్టుబడుతున్నాడు.